కారు నడిపేది మనం, కాగితం ఎవరి దగ్గర?

మన ఇళ్ళలో ఏ కాగితం ఎక్కడుందో ఆడవాళ్ళని అడిగితే చాలు. గ్యాస్ బుక్కు, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అత్తగారి బీపీ మాత్రల చీటీ, లాకరు తాళం, ఆఖరికి నాలుగేళ్ళ కిందట కొన్న మిక్సీ వారంటీ కార్డు కూడా ఏ సొరుగులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కారు ఇన్సూరెన్సు ఎక్కడుందని అడిగితే మాత్రం చాలామంది ఒకటే మాట అంటారు. "మా వారికి తెలుసు."

ఒకప్పుడు ఆ మాట సరిపోయేది. కారు ఆయనే నడిపేవారు, మనం పక్క సీట్లో కూర్చునేవాళ్ళం. ఇప్పుడు పొద్దున్నపూట నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర నిలబడి చూడండి, పిల్లల్ని స్కూళ్ళకీ కాలేజీలకీ దింపే కార్లలో స్టీరింగు ముందు ఎంతమంది ఆడవాళ్ళున్నారో. మామగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, నెల సరుకులు, ట్యూషన్లు, శనివారం గుడి, అన్నిటికీ కారు తీసేది మనమే. ఆయన మెట్రో ఎక్కి ఆఫీసుకి పోతున్నారు. కారు మన చేతికి వచ్చింది కానీ దాని కాగితం ఇంకా రాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో కారు ఎవరు ఎక్కువ నడుపుతారో ఆ పాలసీ వాళ్ళ చేతిలో ఉండాలి, అందులో ఏం రాసుందో వాళ్ళు చదివి ఉండాలి, దాని మీద వాళ్ళ ఫోన్ నంబరు ఉండాలి. ఇది ఎవరి మీదా పోటీకి చెప్పడం లేదు. చిన్న దెబ్బ తగిలిన రోజున రోడ్డు మీదా, ఇంట్లోనూ మనం ఎలా నిలబడతామనేది దీన్నిబట్టే ఉంటుంది.

పోయిన నెల జరిగింది చెప్తాను. శనివారం సాయంత్రం నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ వస్తున్నాను. శనివారం చిక్కడపల్లి ఎలా ఉంటుందో ఈ పక్క వాళ్ళకి చెప్పక్కర్లేదు. వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే జనం, పూల బండ్లు, మెట్రో స్తంభాల పక్కన ఎక్కడ పడితే అక్కడ ఆగే ఆటోలు. ముందున్న ఆటో ఆగింది, నేనూ ఆగాను. వెనక నుంచి ఒక బైకు ఎడమవైపు రాసుకుంటూ వచ్చి పడింది. వెనక బంపరు చీలింది, టెయిల్ లైటు పగిలింది, వెనక డోరు సొట్టపోయింది. బైకు మీది అబ్బాయికి మోచెయ్యి గీరుకుంది. వీపున పుస్తకాల సంచీ, సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి వస్తున్నాడట. గ్రూప్స్‌కి చదువుకుంటూ అశోక్‌నగర్‌లో గదిలో ఉండే వేలమంది పిల్లల్లో ఒకడు.

నిమిషంలో పదిమంది చేరారు. "ఏమైతది మేడం, జర సొట్ట వడ్డది అంతే, ఇడ్సిపెట్టుండ్రి" అని ఒకాయన. "లేడీస్ నడిపితే గిట్లనే ఉంటది, సడన్ బ్రేకు కొడ్తరు" అని ఇంకొకాయన. "పైసలు తీస్కొని పంపియ్ అక్కా" అని పూలమ్మే ఆవిడ. ఆ అబ్బాయేమో జేబులోంచి నోట్లు తీసి, "ఆంటీ, రెండు వేలున్నాయి, మెస్సుకి కట్టాల్సినవి, ఇవి తీసుకోండి" అన్నాడు. గొంతు వణుకుతోంది.

ఆ నోట్లు నేను తీసుకోలేదు. ముందు మోచేతి మీద నీళ్ళు పోయించాను. తర్వాత ఫోన్ తీసి కారు నాలుగు వైపులా, బైకు నంబరు ప్లేటుతో సహా, చుట్టూ ఏ చోటో తెలిసేలా ఫొటోలు తీశాను. అబ్బాయి లైసెన్సు ఫొటో, ఫోన్ నంబరు తీసుకుని పంపేశాను. అంతా పది నిమిషాలు. అతనికి గట్టి దెబ్బ తగిలి ఉంటే సంగతి వేరు. ఎవరికైనా గాయమైతే ముందు ఆసుపత్రికి చేర్చాలి, పోలీసులకి చెప్పాలి, ఇన్సూరెన్సు కంపెనీకీ తెలియజేయాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఇది నడిపేవాళ్ళ బాధ్యత అని చెప్తుంది. అక్కడ సర్దుబాట్లు పనికిరావు.

ఇంటికి వచ్చాక మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "తప్పెవరిది?" అత్తయ్యగారు అడిగారు, మావారు అడిగారు, ఫోన్‌లో మా తమ్ముడూ అడిగాడు. అందరూ మంచివాళ్ళే, ముందు "నీకేం కాలేదు కదా" అన్న తర్వాతే అడిగారు. అయినా అడిగారు. మగవాళ్ళ చేతిలో కారుకి గీత పడితే అది రోడ్డు తప్పు, ఆటోవాడి తప్పు, గుంత తప్పు. మన చేతిలో పడితే మన డ్రైవింగు తప్పు. ఈ ప్రశ్నకి భయపడే ఎంతోమంది, దెబ్బ తగిలిన సంగతే ఇంట్లో చెప్పకుండా షెడ్డులో ఇచ్చి, చీటీ డబ్బుల్లోంచో పోపుల డబ్బాలోంచో కట్టేస్తారు. నాకు తెలిసిన ఒకావిడ రెండేళ్ళలో మూడుసార్లు అలా చేయించుకుంది. ఇంట్లో ఏటా వేలకి వేలు ప్రీమియం కడుతూనే ఉన్నారు, ఆవిడ చేతి డబ్బు విడిగా పోతూనే ఉంది.

కానీ పాలసీలో ఆ ప్రశ్నే లేదు. కారు ఇన్సూరెన్సులో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల బయటివాళ్ళకి జరిగే నష్టానికి. ఇది చట్టం ప్రకారం తప్పనిసరి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు జరిమానా, లేదా జైలు, లేదా రెండూ. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టానికి. ఇది మన ఇష్టం, కానీ ఇల్లు గడిచే డబ్బుతో కారు కొనుక్కున్న వాళ్ళకి ఇదే అసలు అండ. ఈ రెండో భాగం కింద క్లెయిము చేసినప్పుడు కంపెనీ చూసేవి వేరు. నడిపినవాళ్ళకి చెల్లే లైసెన్సు ఉందా? తాగి నడిపారా? ఇంటి కారుని టాక్సీగా తిప్పారా? పాలసీ గడువు ఉందా? మనమే వెనక్కి తీస్తూ గేటుకి గుద్దినా ఓన్ డ్యామేజ్ వర్తిస్తుంది. పొరపాట్లు జరుగుతాయనే కదా ఇన్సూరెన్సు పుట్టింది. కంపెనీయే అడగని ప్రశ్న ఇంట్లో అందరూ అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లైసెన్సు అన్నాను కనుక ఇక్కడే ఒక మాట. నా వయసు వాళ్ళు చాలామంది ఇరవై దాటాకనో, పెళ్ళయిన కొత్తలోనో లైసెన్సు తీసుకుని ఉంటారు. పాత నిబంధన ప్రకారం అది 20 ఏళ్ళకి, లేదా మనకి 50 ఏళ్ళు వచ్చేదాకా, ఏది ముందైతే దాని వరకే చెల్లుతుంది. అంటే నలభైల్లో ఉన్న మనకి ఆ గడువు సరిగ్గా ఇప్పుడు ముగుస్తుంది. మధ్యలో పదేళ్ళు కారు ముట్టుకోకుండా మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళు ఆ తేదీ చూసుకోరు. గడువు తీరిన లైసెన్సుతో నడిపితే, తప్పు మనది కాకపోయినా క్లెయిము నిలబడటం కష్టం. ఈ కథనం చదవడం ఆపి అయినా సరే, ఒకసారి పర్సు తీసి చూసుకోండి.

మర్నాడు నేను క్లెయిము కోసం ఫోన్ చేశాను. పాలసీ నంబరు చెప్తే ఓటీపీ పంపామన్నారు. నా ఫోన్‌కి రాలేదు. మావారి ఫోన్‌కీ రాలేదు. చివరికి తేలిందేమిటంటే, పాలసీ మీద ఉన్న నంబరు కారు కొన్ననాడు షోరూములో కాగితాలు నింపిన అబ్బాయిది. ఈమెయిలు కూడా అతనిదే. నాలుగేళ్ళుగా మా పాలసీ సమాచారమంతా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోతోంది. ఇది మా ఒక్క ఇంటి సంగతే అనుకున్నాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపులో అడిగితే ఇంకా ఇద్దరి పాలసీల మీద ఏజెంట్ల నంబర్లే ఉన్నాయి. నంబరు మార్చడానికి మావారి సంతకం, గుర్తింపు కార్డు పంపాల్సి వచ్చింది. ఆదివారం అయింది కనుక సరిపోయింది, ఆయన ఊళ్ళో లేకపోతే ఆ చీలిన బంపరుతో ఎన్నాళ్ళు తిరిగేదాన్నో.

వర్క్‌షాపులో ఇంకో తమాషా. కారు తీసుకెళ్ళింది నేను, నడిపింది నేను, దెబ్బ ఎలా తగిలిందో చెప్పాల్సింది నేను. కౌంటరులో ఉన్నతను "సార్ నంబరు ఇవ్వండి మేడం, సార్‌తో మాట్లాడతాం" అన్నాడు. "సార్‌కి తెలియదు బాబూ, నాతోనే మాట్లాడు" అన్నాను. ఆ తర్వాత క్లెయిము ఫారం ముందు పెట్టి, "బైకు సంగతి ఎందుకు మేడం, పిల్లర్‌కి తగిలిందని రాసేయండి, తొందరగా అయిపోతుంది" అన్నాడు. అప్పుడు అనుకున్నాను, పాలసీ చదవని మనిషైతే తల ఊపేసేదే కదా అని. ఇన్సూరెన్సు ఒప్పందం మొత్తం నమ్మకం మీద నడుస్తుంది. జరిగినదానికి వేరేగా రాస్తే, సొట్ట ఉన్న తీరుకీ రాసిన కథకీ పొంతన కుదరక క్లెయిము తిరస్కరించడానికి మనమే కారణం చేతికిచ్చినట్టు. జరిగింది జరిగినట్టే నాలుగు వాక్యాల్లో రాసి, రోజూ సమయమూ చోటూ వేసి సంతకం పెట్టాను. బైకు ఢీకొట్టిందని రాసినందుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఎవరికీ గాయాలు లేని ఇలాంటి చిన్నవాటికి సాధారణంగా ఎఫ్‌ఐఆర్ కూడా అడగరు.

ఇక అసలు లెక్క. క్లెయిము చేయాలా, చేతి డబ్బు పెట్టుకోవాలా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనేవాళ్ళున్నారు, ఏటా కడుతున్నాం కదా ఎందుకు వదలాలి అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిదీ లెక్క వేయని మాటే. మేము కాగితం మీద వేశాం, అది మీ ముందు పెడుతున్నాను.

బిల్లు అంచనా 16,000 రూపాయలు. బంపరు 5,000, టెయిల్ లైటు 3,000, డోరు సొట్ట తీయడానికి కూలి 2,000, పెయింటింగు 6,000. మామూలు పాలసీలో ఇదంతా ఇవ్వరు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి, బ్యాటరీకి, టైర్లకి సగమే ఇస్తారు. ఇనుప భాగాలకి కారు వయసునిబట్టి తరుగు తీస్తారు, మూడు నుంచి నాలుగేళ్ళ మధ్య కారుకి 25 శాతం. గాజుకి తరుగు లేదు. పెయింటింగు మొత్తం బిల్లులో నాలుగో వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీసేస్తారు. కూలికి తరుగు లేదు. ఆ లెక్కన బంపరుకి 2,500, లైటుకి 1,500, కూలి 2,000, పెయింటింగుకి 5,250, మొత్తం 11,250. ఇందులోంచి ప్రతి క్లెయిముకీ మనం భరించాల్సిన తప్పనిసరి భాగం తీసేస్తారు, 1500 సీసీ వరకూ ఉన్న కారుకి 1,000 రూపాయలు, ఆపైన 2,000. మాకు మిగిలేది 10,250.

ఇప్పుడు పోయేది చూడాలి. క్లెయిము చేయని ఏళ్ళకి నో క్లెయిమ్ బోనస్ అని ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. ఒక ఏడాదికి 20 శాతం, రెండేళ్ళకి 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, ఐదేళ్ళకి 50. మాది 35 దగ్గర ఉంది. క్లెయిము చేయకపోతే వచ్చే ఏడు 45, ఆపైన 50. చేస్తే వచ్చే ఏడు సున్నా, మళ్ళీ మొదటి నుంచి 20, 25, 35, 45. చాలామంది ఒక్క ఏడాది తగ్గింపే పోతుందనుకుంటారు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మొదటి ఏడు 45, రెండో ఏడు 30, తర్వాత 25, 15, 5. కలిపితే 120 శాతం. మా ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గింపుకి ముందు 8,000 చిల్లర లేకుండా అనుకుంటే, ఐదేళ్ళలో పోయేది 9,600 రూపాయలు. కారు పాతబడేకొద్దీ దాని విలువతో పాటు ప్రీమియమూ తగ్గుతుంది కనుక కాస్త అటూఇటూ.

10,250 వస్తుంది, 9,600 పోతుంది. ఈ కాస్త తేడా కోసం క్లెయిమెందుకు, షెడ్డులో ఇచ్చేద్దాం అన్నారు మావారు. లెక్క ప్రకారం ఆయన మాట సబబే. కానీ నేను పాలసీ రెండో పేజీ కూడా చదివాను. అదనపు కవర్ల కింద నిల్ డిప్రిసియేషన్ అని ఒక చిన్న వరస ఉంది. జీరో డెప్ అంటారే, అదే. అది ఉంటే తరుగు తీయరు. అంటే మాకు 16,000లో 1,000 పోను 15,000 వస్తుంది. ఆ ఒక్క వరస విలువ 4,750 రూపాయలు. దానికి ఏటా అదనంగా కడుతున్నామని ఆయనకీ గుర్తులేదు. కొన్ని పాలసీల్లో దాన్ని ఏడాదికి ఇన్నిసార్లే వాడుకోవాలని హద్దు ఉంటుంది, అదీ చూసుకోవాలి. మేము క్లెయిము చేశాం. మీ బిల్లు ఆరేడు వేలే ఉండి, బోనస్ 50 దగ్గర ఉండి, జీరో డెప్ లేకపోతే మాత్రం చేతి డబ్బు పెట్టుకోవడమే నయం. అదనపు కవర్లలో బోనస్ పోకుండా కాపాడేదీ ఒకటుంది. ఇంజన్ కవర్ ఇంకొకటి. హుసేన్‌సాగర్ మిగులు నీళ్ళ నాలా మన అశోక్‌నగర్ మీదుగానే పోతుంది, 2020 అక్టోబరు వానల్లో నగరంలో ఎన్ని సెల్లార్లలో కార్లు మునిగాయో చూశాం. నీళ్ళలో మునిగిన కారుని స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు.

"ఆ అబ్బాయి దగ్గరే తీసుకోవాల్సింది కదా, ఐదేళ్ళలో పదివేలు మన చేతినుంచే పోతాయిగా" అన్నారు మావారు. పోతాయి, నేను కాదనను. కానీ అతని బైకు ఇన్సూరెన్సు నుంచి మన బంపరు డబ్బు రావాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్ళాలి, పదహారు వేల కోసం ఎవరూ వెళ్ళరు. రోడ్డు మీద అతని మెస్సు డబ్బు రెండు వేలు లాక్కుంటే మా బిల్లులో ఎనిమిదో వంతే, అతను నెలంతా ఒంటిపూట తినాలి. మన కారుకి మన పాలసీ ఉందని తెలుసు కనుకే ఆ పూట అతన్ని పోనివ్వగలిగాను. తెలియకపోతే నేనూ గొంతు పెంచేదాన్నేమో.

సర్వేయర్ వచ్చినప్పుడు దగ్గరుండటం మంచిది. కారు విప్పకముందే చూడాలి. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఏ వస్తువుకి ఎంత తీశారో, ఎందుకు తీశారో ఉన్న కాగితం కాపీ అడిగి తీసుకోండి. కారు కళ్ళతో చూసి, రంగు కలిసిందో లేదో పగటి వెలుగులో చూసుకున్నాకే పని తృప్తిగా ఉందన్న సంతకం పెట్టండి. చీర కొనేటప్పుడు వెలుగులోకి తెచ్చి చూస్తాం కదా, ఇదీ అంతే.

న్యాయం జరగలేదనిపిస్తే అడగడానికి మనకి ఢిల్లీ పోనక్కర్లేదు. దేశం మొత్తానికి ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఒకప్పుడైతే ఇంకా దగ్గర, బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో ఉండేది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు.

ఇదంతా బంపరు సంగతి. నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణాలు రెండు, రెండూ బంపరు కంటే పెద్దవి.

మొదటిది. మా వీధిలో ఒక అక్క ఉంది. ఏడాది కిందట బావగారు గుండెపోటుతో పోయారు. కారు ఆయన పేరు మీదే ఉండిపోయింది, పాలసీ గడువు ఇంకా ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిది నెలల తర్వాత కొడుకు కారు తీస్తూ స్తంభానికి రాశాడు. క్లెయిము కుదరదన్నారు. పాలసీదారు చనిపోతే ఆ రోజు నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకే ఓన్ డ్యామేజ్ కవరు నడుస్తుందని పాలసీలోనే రాసి ఉంటుంది. ఆలోగా వారసులు మార్చుకోవాలి. ఆర్టీఏ ఆఫీసులో కూడా 30 రోజుల్లో చెప్పి, మూడు నెలల్లో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. ఆయన కూడబెట్టిన బోనస్ కూడా కారుతో పాటు భార్యకి వచ్చే వీలుంది. ఆ అక్కకి ఇవేవీ తెలియవు, ఆ దుఃఖంలో చెప్పినవాళ్ళూ లేరు. పదమూడో రోజు దాటాక బ్యాంకు, పింఛను కాగితాల గురించి నలుగురూ చెప్పారట, కారు మాట ఎవరికీ తోచలేదు.

రెండోది మన ప్రాణం సంగతి. పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవరు 15 లక్షలు అని ఉంటుంది, చూసి మనకీ వర్తిస్తుందనుకుంటాం. అది ఓనర్-డ్రైవర్‌కి మాత్రమే. అంటే కారు ఎవరి పేరు మీద రిజిస్టరైందో వాళ్ళకే, అదీ చెల్లే లైసెన్సు ఉంటేనే. కారు ఆయన పేరు మీద ఉండి రోజూ మనం నడుపుతుంటే, ఆ 15 లక్షల్లో మనకి పైసా లేదు. కారుకి కవరుంది, బంపరుకి కవరుంది, పక్కన పోయేవాళ్ళకి కవరుంది, స్టీరింగు ముందున్న మనకి లేదు. ఈ వరస చదివిన రోజు మావారూ కాసేపు మాట్లాడలేదు. విడిగా నా పేర ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకున్నాం. ఈసారి కారు మార్చినప్పుడు నా పేరు మీద తీసుకుందామని ఆయనే అన్నారు.

మా చెల్లెలు ఇదంతా విని, "ఉన్న పనులు చాలవా అక్కా, ఇదొకటి కూడా మనమే నెత్తిన వేసుకోవాలా? ఆయన చేస్తున్నది ఆయన్నే చేయనీ" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటి పనుల జాబితాలో ఏదీ తగ్గదు, కొత్తవి చేరుతూనే ఉంటాయి. ప్రీమియం కట్టడం, రెన్యువల్ చూడటం ఆయనే చేయనివ్వండి, నేను వద్దనను. కానీ దెబ్బ తగిలిన నిమిషాన రోడ్డు మీద నిలబడేది మనం, సర్వేయర్‌కి చెప్పాల్సింది మనం, ఆయన లేని రోజున ఆ కాగితంతో బతకాల్సిందీ మనం. తెలుసుకోవడం ఇంకో పని కాదు, తెలియకపోతేనే పని నాలుగింతలవుతుంది.

రెన్యువల్ తేదీ దాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని పాలసీ తీయండి. దాని మీద ఎవరి ఫోన్ నంబరుందో చూడండి, మీది కూడా చేర్చమనండి. అదనపు కవర్లేమున్నాయో, బోనస్ ఎంతుందో చదవండి. నామినీగా ఎవరి పేరుందో చూడండి. మీ లైసెన్సు గడువు చూసుకోండి. పాలసీ ఫొటో మీ ఫోన్‌లో, ఒక నకలు కారులో పెట్టుకోండి. అసలు కాగితం గ్యాస్ బుక్కు ఉన్న సొరుగులోనే పెట్టండి. అక్కడైతే ఎప్పుడు కావాలన్నా మనకి దొరుకుతుంది, ఆయనకి కావాలన్నా మనల్నే అడుగుతారు.